సముద్రపు నాచుల పంచాంగము

రైతు విత్తుటకు కార్తె చూచుకొనును. జాలరి పడవను దింపుటకు పోటువేళ చూచుకొనును. శుభకార్యమునకు తిథిని, ముహూర్తమును చూచుకొనుట మన గ్రామములలో అనాదిగా వచ్చుచున్న ఆచారము. కండ్లు, చెవులు లేనిదియు, పుట్టిన రాతిని విడిచి అంగుళమైనను కదలజాలనిదియు అగు సముద్రపు నాచు కూడ తన సంతానోత్పత్తికి తిథిని, వేళను, క్షణమును ఎంచుకొనుచున్నదని చెప్పినచో పాఠకులకు వింతగా తోచవచ్చును. అయినను అది పరిశీలనలచేత రుజువైన సత్యము.

సముద్రపు ఒడ్డున, ఆటుపోట్ల నడుమ రాళ్లపై పెరుగు గోధుమవన్నె నాచులు ఏ దినమున, ఏ వేళయందు తమ బీజములను నీట విడుచునో, ఆ కాలమును ఎట్లు గుర్తించునో ఈ వ్యాసమున తెలుపదలచితిమి. ఇది కేవలము వింత విషయము కాదు. నాచును కోసి జీవించు కుటుంబములు మన దేశమునను, ఇతర దేశములలోను గలవు. బీజములు విడువక మునుపే నాచును మొదలంట కోసినచో, వచ్చు సంవత్సరపు పంటను ఈ సంవత్సరమే కోసినట్లగును. కావున నాచుల పంచాంగమును ఎరుగుట తీరవాసులకు అవసరము.

గోధుమవన్నె నాచులు

సముద్రపు నాచులను వన్నెనుబట్టి మూడు తెగలుగా విభజింతురు. అవి ఆకుపచ్చనివి, ఎఱ్ఱనివి, గోధుమవన్నె గలవి. ఇందు మూడవ తెగవి సాధారణముగా పెద్దవిగను, తోలువలె దిట్టముగను ఉండును. వీనికి నిజమైన వేరు లేదు. రాతిని పట్టుకొని యుండు మొదలు గలదు గాని, అది భూమిలోని వేరువలె ఆహారమును పీల్చదు. అలల తాకిడికి నాచు కొట్టుకొనిపోకుండ నిలుపుటయే దాని పని. నాచు తన దేహమంతటితోను సముద్రజలమునుండి ఆహారమును గ్రహించును.

విశాఖపట్నము, భీమునిపట్నము ప్రాంతములందలి రాతిగట్లపై ఈ తెగ నాచులను చూడవచ్చును. మిరియపు గింజలవంటి చిన్న గాలిబుడగలు గలిగి, గుబురుగా కొమ్మలు వేయునది సర్గాసమ్. విసనకఱ్ఱ ఆకారమున నుండునది పడైనా. రిబ్బను ముక్కవలె పలుచగా నుండి, కొనకొనకు రెండుగా చీలుచు పోవునది డిక్టియోటా. చల్లని ఉత్తర సముద్రముల తీరములందు ఫ్యూకస్ అను మరియొక జాతి మిక్కిలిగా పెరుగును. అది మన సముద్రమున లేదు. అయినను బీజములు విడుచు కాలమునుగూర్చి శాస్త్రజ్ఞులు ఎక్కువగా పరిశీలించినది ఐరోపా, అమెరికా తీరములందలి ఫ్యూకస్, డిక్టియోటా జాతులనే యగుటచేత, ముందుగా ఆ తీరముల సంగతి చెప్పి, పిమ్మట మన తీరమునకు వత్తుము.

ఆటుపోట్ల లెక్క

నాచు పంచాంగము తెలియవలెనన్న ముందుగా ఆటుపోట్ల లెక్క తెలియవలెను. చంద్రుని ఆకర్షణచేతను, కొంత తక్కువగా సూర్యుని ఆకర్షణచేతను సముద్రజలము పొంగి, తిరిగి తగ్గుచుండును. పొంగుట పోటు, తగ్గుట ఆటు. మన తూర్పుతీరమున దినమునకు రెండు పోట్లు, రెండు ఆటులు వచ్చును. ఒక పోటునకును మరియొక పోటునకును నడుమ సుమారు 12 గంటల 25 నిమిషములు పట్టును. అందుచేత నేడు వచ్చిన పోటు రేపు సుమారు 50 నిమిషములు ఆలస్యముగా వచ్చును.

పున్నమికిని, అమావాస్యకును సూర్యచంద్రుల ఆకర్షణలు ఒకే వరుసలో కలియును. అందువలన ఆ తిథులు దాటిన ఒకటి రెండు దినములలో పోటు మిక్కిలి ఎత్తునకు వచ్చును. ఆటు మిక్కిలి దిగువకు పోవును. వీనిని పర్వవేలలందురు. అష్టమి ప్రాంతమున సూర్యచంద్రుల ఆకర్షణలు ఒకదానికొకటి అడ్డుపడుటచేత పోటు కొద్దిగా వచ్చి, ఆటు కొద్దిగా పోవును. ఇవి లఘువేలలు. ఒక పర్వవేలనుండి మరియొక పర్వవేలకు సుమారు 14 దినముల 18 గంటలు పట్టును.

అన్ని తీరములందును పోటు ఒకే ఎత్తున రాదు. విశాఖపట్నమున పర్వవేలయందు పోటునకును ఆటునకును గల భేదము సుమారు ఒకటిన్నర మీటరు మాత్రమే. బ్రిటనులోని వేల్సు ఉత్తరతీరమున అది సుమారు 7 మీటర్లు. స్వీడను, ఫిన్లాండు దేశముల నడుమగల బాల్టిక్ సముద్రమున ఆటుపోట్లు దాదాపుగా లేవనియే చెప్పవచ్చును. ఈ భేదము మున్ముందు మనకు పనికివచ్చును.

ఇక్కడ పాఠకులు జ్ఞాపకముంచుకొనదగిన సంగతి యొకటి గలదు. దినమునకు 50 నిమిషముల చొప్పున జరుగుచు పోయిన ఆటు, ఒక పక్షము గడచునప్పటికి సుమారు 12 గంటలు జరుగును. దినమునకు ఆటులు రెండగుటచేత, తిరిగి మొదటి గంటకే మరియొక ఆటు వచ్చి నిలుచును. అనగా ఒక రేవున పున్నమినాడు ఆటు ఏ గంటకు వచ్చునో, అమావాస్యనాడును సుమారుగా అదే గంటకు వచ్చును. కావున తిథిని, దినములోని గంటను ఎరిగిన ప్రాణికి సముద్రము ఆ సమయమున ఏ స్థితిలో నుండునో చూడకయే తెలియును. నాచుల పంచాంగమునకు పునాది ఇదియే.

నాచునకు గల చిక్కు

భూమిపై మొక్కలకు తేనెటీగలు, సీతాకోకచిలుకలు, గాలి పుప్పొడిని మోసికొనిపోవును. సముద్రపు నాచు తన బీజములను నీటికే అప్పగింపవలెను. ఫ్యూకస్ జాతులయందు కొమ్మల కొనలు పక్వకాలమున ఉబ్బి, పండువలె మెత్తబడును. ఆ కొనలపై సన్నని పొక్కులవంటి రంధ్రములు కనబడును. ఒక్కొక్క రంధ్రము క్రింద ఒక చిన్న గది యుండును. ఆ గదులలో అండకోశములు, పురుషబీజకోశములు పెరుగును. ఫ్యూకస్ యొక్క ఒక అండకోశమున 8 అండములు తయారగును. ఒక పురుషబీజకోశమున 64 పురుషబీజములు తయారగును. ఫ్యూకస్ వెసిక్యులోసస్ అను జాతియందు ఆడు నాచు వేరు, మగ నాచు వేరు.

అండమునకు ఈదు శక్తి లేదు. అది మిల్లీమీటరులో పదవవంతు కంటెను చిన్నదై, నీట మెల్లగా అడుగునకు దిగును. పురుషబీజమునకు రెండు సన్నని తోకలు గలవు. అది ఈదగలదు గాని, కొద్ది దూరము మాత్రమే. అండము ఒక సువాసనద్రవ్యమును నీటిలోనికి వదలి పురుషబీజములను ఆకర్షించును. ఫ్యూకస్ పురుషబీజములు వెలుతురునుండి తొలగి క్రిందికి ఈదును గనుక అడుగునకు దిగిన అండములను కలిసికొనుట సులభమగును.

ఇన్ని ఏర్పాట్లున్నను, అలలు విరుచుకొనిపడు వేళ ఆడు నాచు అండములను విడిచినచో అవి క్షణములో చెదరిపోవును. మగ నాచు నేడు విడిచి, ఆడు నాచు ఎల్లుండి విడిచినచో రెండును వ్యర్థమే. కలిసిన పిమ్మటనైనను చిక్కు తీరలేదు. ఏర్పడిన సంయుక్తబీజము రాతికి అంటుకొనుటకు కొన్ని గంటలు పట్టును. అంతవరకు దానిని సముద్రము లోతునకు ఈడ్చుకొనిపోరాదు. కావున ఒక గట్టునగల నాచులన్నియు ఒకే దినమున, ఒకే వేళ, నీరు నిలకడగా నున్నప్పుడు బీజములను విడువవలెను. సంవత్సరమంతయు పెరిగిన నాచు యొక్క శ్రమ ఫలించుటయు, ఫలింపకపోవుటయు ఆ కొద్ది నిమిషములపై ఆధారపడి యున్నది.

పూర్వపు పరిశీలనలు

ఫ్రాన్సు దేశమున గుస్తావ్ త్యురే అను వృక్షశాస్త్రజ్ఞుడు 1854లో ఫ్యూకస్ జాతుల ఫలదీకరణమునుగూర్చి తన పరిశీలనలను ప్రకటించెను. మగ నాచునుండి నారింజవన్నె ద్రవమును, ఆడు నాచునుండి ముదురు పచ్చని ద్రవమును వేరువేరుగా తీసికొని అతడు పరీక్షించెను. అండములను విడిగా నుంచినప్పుడు అవి మొలకెత్తక చెడిపోయెను. రెండింటిని కలిపిన పిమ్మట అండములు మొలకెత్తెను. నాచులకు కూడ స్త్రీపురుష భేదము గలదనియు, ఆ రెండును కలిసిననే సంతానము గలుగుననియు దీనిచేత స్పష్టమైనది.

ఆటువేళ గాలికి, ఎండకు నాచు దేహము ముడుచుకొని, బీజములు జిగురుతోకూడ వెలికి వచ్చుననియు, పిమ్మట వచ్చు పోటు వానిని కడిగివేయుననియు పాఠ్యగ్రంథములందు చాలకాలము వ్రాయుచుండిరి. ప్రయోగశాలలో ఆరబెట్టిన నాచు అట్లు చేయుట నిజమే. కాని సముద్రముననే నిలిచి పరిశీలించినవారికి వేరు సంగతి తెలియవచ్చినది. దానిని చెప్పుటకు ముందు తిథి సంగతి చెప్పవలసియున్నది.

తిథిని ఎరిగిన నాచు

డిక్టియోటా పంచాంగమును మొదట బయలుపరచినది వేల్సు దేశీయుడగు జె. లాయిడ్ విలియమ్స్. అతడు 1905లో ప్రకటించిన వ్యాసమున, వేల్సు తీరమున డిక్టియోటా నాచులు పక్షమున కొకసారి, పర్వవేలల క్రమమును అనుసరించి, బీజముల పంటను పండించి విడుచుచున్నవని తెలిపెను. ఒక పంట విడుచుటతోడనే మరియొక పంట మొదలగును. గట్టుపైనున్న ఆడు మగ నాచులు అన్నియు ఒక్కటిగా ఈ క్రమమును పాటించుచున్నవి. విడుచు వేళ కూడ నిర్ణీతమే. అది తెల్లవారు సమయము.

అమెరికాలో ఉత్తర కరోలినా రాష్ట్రమున బోఫర్ట్ అను తీరపట్టణము గలదు. అక్కడ డబ్ల్యు. డి. హాయిట్ అను శాస్త్రజ్ఞుడు డిక్టియోటాను పరిశీలించి, 1907లో తన ఫలితములను ప్రకటించెను. అక్కడి నాచు పక్షమున కొకసారి గాక, నెలకొకసారి మాత్రమే బీజములను విడుచుచున్నదని అతడు కనుగొనెను. నెలలో వచ్చు రెండు పర్వవేలలలో ఒకదానిని విడిచిపెట్టి, రెండవదానిని మాత్రమే అది పాటించుచున్నది. దీనినిబట్టి ఒక తీరపు నాచునకు గల పంచాంగము మరియొక తీరమున చెల్లదని గ్రహింపవలెను. మన ప్రాంతములందు పంచాంగకర్తలు ఆయా ఊరి సూర్యోదయమునుబట్టి గణితము చేసినట్లే, నాచు కూడ తన రేవునకు తగిన లెక్కను తాను కట్టుకొనుచున్నది.

నాచునకు తిథి ఎట్లు తెలియును? పోటునీటి బరువుచేతనా, నీటి కదలికచేతనా, వెన్నెలచేతనా? జర్మనీ దేశమున ఎర్విన్ బ్యూనింగ్, డీటర్ ముల్లర్ అను శాస్త్రజ్ఞులు 1961లో ఈ ప్రశ్నకు సమాధానమును వెదకిరి. ఆటుపోట్లు లేని తొట్లలో డిక్టియోటాను పెంచి, పగటివేళ దీపకాంతిని, రాత్రివేళ చీకటిని కల్పించి, నిర్ణయించిన రాత్రులయందు మాత్రము వెన్నెలవంటి మందమైన వెలుతురును ప్రసరింపజేసిరి. ఆ కృత్రిమపు వెన్నెలనుబట్టి నాచులు తమ పంటల లెక్కను సరిచేసికొనెను. అనగా నాచు దేహముననే దినములను లెక్కించు ఒక యంత్రమువంటిది గలదు. వెన్నెల ఆ యంత్రమును సరియైన తిథికి త్రిప్పిపెట్టుచున్నది.

సిద్ధబీజములచేత వృద్ధిపొందు డిక్టియోటా మొక్కలు కూడ గలవు. సిద్ధబీజమునకు జతకూడవలసిన అవసరము లేదు. కావున ఆ మొక్కలు తిథిని పాటింపవు. జతకూడవలసిన బీజములకే తిథినియమము గలదు. ఈ పంచాంగము యొక్క ప్రయోజనమేమో దీనిచేత స్పష్టమగుచున్నది.

నిలుకడనీటి ముహూర్తము

తిథి దొరికినంతమాత్రమున పని తీరదు. పర్వవేలనాడే గాలివాన రావచ్చును. పెద్ద అలలు లేవవచ్చును. పంచాంగమున ముహూర్తమున్నను, పందిరి కూలిపోవునంత గాలి వీచుచున్నచో పెండ్లి ఆపవలసినదే గదా! నాచు కూడ అట్లే ఆపుచున్నది.

పందొమ్మిదివందల తొంబదులలో సుసాన్ బ్రాలీ, గారెత్ పియర్సన్, ఎస్టర్ సెర్రావ్, లెనా కౌట్స్కీ అను శాస్త్రజ్ఞులు ఫ్యూకస్‌ను సముద్రముననే పరిశీలించిరి. అమెరికాలో మెయిన్ రాష్ట్రపు రాతితీరమున ఆటువేళ గుంటలలో నిలిచిన నీటియందు ఫ్యూకస్ డిస్టికస్ అను జాతి పెరుగును. అది పగటి ఆటువేళ, గుంటనీరు కదలక నిలిచి యున్నప్పుడు బీజములను విడుచుచున్నదని పియర్సన్, బ్రాలీ 1996లో తెలిపిరి. ఆ సంవత్సరమే నలుగురును కలిసి ఫ్యూకస్ వెసిక్యులోసస్‌నుగూర్చి ప్రకటించిన వ్యాసమున, ఆ నాచు నీరు నిలకడగా నున్నప్పుడే బీజములను విడుచుననియు, నీరు కలగుచున్నప్పుడు ఆపివేయుననియు చూపిరి. అట్లు విడిచిన అండములలో దాదాపు 100కు 100 ఫలదీకరణము పొందుచున్నవి. సముద్రమున విడిచిన బీజములలో అధికభాగము వ్యర్థమగునని అంతకుముందు తలంచుచుండిరి. తగిన క్షణమును ఎంచుకొను నాచు విషయమున ఆ తలంపు సరికాదని తేలినది.

నీరు నిలిచినదని నాచునకు ఎట్లు తెలియును? పియర్సన్, సెర్రావ్, బ్రాలీ 1998లో దీనికి సమాధానము చెప్పిరి. పైరు గాలినుండి బొగ్గుపులుసు గాలిని గ్రహించి, ఎండ సాయమున ఆహారమును తయారుచేసికొనుట రైతులు ఎరిగినదే. నాచు నీటిలో కరిగియున్న అట్టి పదార్థమును గ్రహించును. నీరు కదలుచున్నప్పుడు క్రొత్త నీరు నాచును తాకుచు, దానికి కావలసిన పదార్థమును అందించుచుండును. నీరు నిలిచినప్పుడు నాచును అంటియున్న పలుచని నీటిపొరలో ఆ పదార్థము ఖర్చయి తగ్గిపోవును. గాలి ఆడని గదిలో కూర్చున్నవానికి ఉక్కగా తోచినట్లు, నాచునకు ఆ కొరత తోచును. అదియే బీజములు విడుచుటకు గుర్తు. నాచు నీటి వేగమును కొలుచుట లేదు. తన ఆకలినిబట్టి నీటి నిలుకడను తెలిసికొనుచున్నది. ఆహారమును తయారుచేయుటకు ఎండ కావలెను గనుక, ఈ గుర్తు పగటి వెలుతురుతోకూడ ముడిపడి యున్నది.

నిలుకడనీటియందు మరియొక ప్రమాదము గలదు. పురుషబీజములు గుమిగూడుటచేత ఒకే అండమున రెండు మూడు చొచ్చినచో ఆ అండము బ్రతుకజాలదు. దీనినుండి రక్షించుకొనుటకు మొదటి పురుషబీజము చేరినవెంటనే అండము పైపొరయందలి విద్యుత్స్థితి మారి, రెండవదానిని రానీయదు. ఈ మార్పునకు సముద్రపు ఉప్పులోని సోడియము ఆవశ్యకము. కొంతసేపటికి అండము చుట్టును గట్టి పొర ఏర్పడును. పిమ్మట అది జిగురుతో రాతికి అంటుకొనును. వెలుతురు రాని ప్రక్కన పాదమువంటి మొలక వచ్చి రాతిని పట్టుకొనును. రెండవ ప్రక్క పైకి పెరిగి నాచగును.

ఆటుపోట్లు లేని సముద్రమున

బాల్టిక్ సముద్రమున ఆటుపోట్లు దాదాపుగా లేవని పైన చెప్పితిమి. అక్కడకూడ ఫ్యూకస్ వెసిక్యులోసస్ పెరుగును. ఆటుపోట్లు లేనిచోట నాచు పంచాంగము ఏమగును? స్వీడను తీరమున అండర్సన్, కౌట్స్కీ, కల్వాస్ అను పరిశోధకులు ఈ సంగతిని పరిశీలించి 1994లో ఫలితములను ప్రకటించిరి. అక్కడి నాచు సాయంకాలవేళ, పున్నమి అమావాస్యల ప్రాంతమున బీజములను విడుచుచున్నదని వారు కనుగొనిరి. నీటి ఎత్తు మారకపోయినను నాచు చంద్రుని లెక్కను విడువలేదు. పొలమును విడిచి పట్నమునకు పోయినవాడు కార్తెలను మరువనట్లే, మహాసముద్రమునుండి బాల్టిక్‌నకు చేరిన నాచు పూర్వపు పంచాంగమును నిలుపుకొనియున్నది. ఆడు మగ నాచులు ఒకే దినమున కలిసికొనుటకు చంద్రుడు ఇప్పటికిని సాయపడుచున్నాడు.

ఆ సముద్రమున ఉప్పు మిక్కిలి తక్కువ. మహాసముద్రమున లీటరునకు సుమారు 35 గ్రాముల ఉప్పుండగా, స్టాక్‌హోము ప్రాంతమున 5, 6 గ్రాములు మాత్రమే యుండును. అందుచేత అండమును రక్షించు ఏర్పాటు అక్కడ బలహీనమగుచున్నది. పంచాంగము సరిగానున్నను నీటి గుణము చెడినచో పంట దెబ్బతినునని దీనినుండి మనము నేర్చుకొనవలెను. ఈ నియమము ఏ తీరమునకైనను వర్తించును.

సర్గాసమ్ అనుసరించు మార్గము

ఇక మన తీరమునకు వత్తము. ఇక్కడి గోధుమవన్నె నాచులలో ముఖ్యమైనది సర్గాసమ్. దాని విధానము ఫ్యూకస్ విధానముకంటె కొంచెము భిన్నమైనది. సర్గాసమ్ అండములను నీటిలోనికి విడిచివేయక, పండ్లవంటి చిన్న కొమ్మల పైభాగమున జిగురుతో అంటించి నిలుపుకొనును. పురుషబీజములు అక్కడికి వచ్చి చేరును. మొలకలు తల్లిని అంటియుండి కొంత పెరిగి, పాదములు వచ్చిన పిమ్మట రాలి, రాళ్లపై పడును. తల్లి ఒడిలో కొంత పెరిగిన బిడ్డవలె అవి వెంటనే నేలను పట్టుకొనగలవు.

జపాను ప్రాంతమునకు చెందిన సర్గాసమ్ మ్యూటికమ్ అను జాతి 1973లో బ్రిటను దక్షిణతీరమున మొలచియుండుట కనబడినది. అక్కడ దానిని పరిశీలించినవారు, అదియు పక్షమున కొకసారి, పర్వవేలల క్రమముననే అండములను వెలికి తెచ్చుచున్నదని తెలిపిరి. తల్లి ఒడిని నిలుపుకొను నాచు కూడ తిథిని విడువలేదన్నమాట.

విశాఖపట్నపు నాచులనుగూర్చి మన శాస్త్రజ్ఞులు విలువైన కృషి చేసియున్నారు. ఎం. ఉమామహేశ్వరరావు, టి. శ్రీరాములు ఆ తీరమున ఆటుపోట్ల నడుమ పెరుగు నాచుల జీవనమునుగూర్చి 1964లో ఒక వ్యాసమును, అవి ఫలించు కాలములనుగూర్చి 1970లో మరియొక వ్యాసమును అంతర్జాతీయ శాస్త్రపత్రికలందు ప్రకటించిరి. నాచునకు గల ఋతువును, ఫలకాలమును మన తీరముననే చూచి తెలిసికొనవచ్చునని వారి కృషి నిరూపించుచున్నది.

కోతకు పాటింపవలసిన నియమములు

గోధుమవన్నె నాచులనుండి ఆల్జిన్ అను జిగురుపదార్థము లభించును. దీనిని 1881లో బ్రిటిషు రసాయనశాస్త్రజ్ఞుడు ఇ. సి. సి. స్టాన్‌ఫర్డ్ బయలుపరచెను. బట్టలపై అద్దకమునకు, ఐస్‌క్రీము తయారీకి, గాయములకు కట్టు కట్టుటకు ఇది ఉపయోగపడుచున్నది. నాచు పొలమునకు మంచి ఎరువు. తమిళనాడులో మన్నారు సింధుశాఖ తీరమున స్త్రీలు నీట మునిగి నాచులను సేకరించి జీవించుచున్నారు. అమెరికాలో మెయిన్ రాష్ట్రమున అస్కోఫిల్లమ్ అను నాచును కోయువారు మొదటినుండి 16 అంగుళముల భాగమును తప్పక విడిచిపెట్టవలెనని అక్కడి ప్రభుత్వము నియమము చేసినది. కొడవలితో కోసినను చెట్టు మరల చిగుర్చుటకు తగిన భాగము నిలుపవలెననుటయే ఆ నియమము యొక్క ఆశయము.

నాచు పంచాంగమును గ్రహించినవారు ఈ క్రింది జాగ్రత్తలను పాటించుట మేలు.

1. నాచును మొదలంట పెకలింపరాదు. రాతిని పట్టుకొనియున్న పాదమును, దానిపై కొంత కాడను విడిచి కోయవలెను. సర్గాసమ్ జాతులు పెక్కింటియందు ఆ పాదమునుండి క్రొత్త కొమ్మలు వచ్చును.

2. కోతకు ముందు కొమ్మలను చేతబట్టి చూడవలెను. పండ్లవంటి చిన్న కొమ్మలు నిండుగా నున్నచో అవి బీజములను విడుచువరకు ఆగవలెను. ఒక్క పక్షము ఆగినచో ఒక పంట బీజములు రాతిని చేరును.

3. ఒక గట్టుపైనున్న నాచునంతటిని ఒకేసారి కోయరాదు. నడుమ నడుమ కొన్ని పట్టెలను కోయక విడువవలెను. ఆడు మగ నాచులు దగ్గరగా నున్ననే బీజములు కలియగలవు. పలుచబడిన గట్టున ముహూర్తము కుదిరినను జత కుదరదు.

4. ఎరువునకైనచో, అలలు ఒడ్డునకు తెచ్చి పడవేసిన నాచును ఏరుకొనుట ఉత్తమము. దానిని మంచినీటితో కడిగి ఉప్పు తీసివేసి వాడవలెను.

5. రక్షితప్రాంతములందు అధికారుల అనుమతి లేనిదే నాచును తాకరాదు. మన్నారు సింధుశాఖయందలి దీవులు 1986నుండి జాతీయ ఉద్యానవనముగా రక్షింపబడుచున్నవి.

పాఠశాలలో చేయదగిన పరిశీలన

తీరగ్రామముల ఉపాధ్యాయులు ఈ పాఠమును పిల్లలచేత ప్రత్యక్షముగా నేర్పింపవచ్చును. దీనికి ఖర్చు లేదు. ఒక గోడపంచాంగము, ఒక నోటుపుస్తకము, చేతి భూతద్దము చాలును. ఆటుపోట్ల వేళలను భారత సర్వే శాఖవారు ప్రతిసంవత్సరము పట్టికలుగా ప్రచురించుచున్నారు. హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రమువారు కూడ సముద్రమునుగూర్చిన సమాచారమును అందించుచున్నారు.

పున్నమికిని, అమావాస్యకును మరుసటి దినమున, రెండు అష్టములకును, పిల్లలు ఉపాధ్యాయునితో కూడ రాతిగట్టునకు పోవలెను. నీరు తగ్గుచున్న వేళ పోయి, తిరిగి పొంగుట మొదలగుటకు ముందే ఒడ్డునకు రావలెను. సముద్రమునకు వెన్ను త్రిప్పి నిలువరాదు. గుర్తుపెట్టుకొన్న పది సర్గాసమ్ మొక్కలను కోయకయే పరిశీలించి, పండ్ల కొమ్మలు గలవా, వానిపై సన్నని గోధుమవన్నె అండములు భూతద్దమునకు కనబడుచున్నవా అని వ్రాసికొనవలెను. తిథి యొక వరుసలోను, నీటి స్థితి యొక వరుసలోను, మొక్కల స్థితి యొక వరుసలోను వ్రాయవలెను. ఒక సంవత్సరము ఇట్లు చేసినచో ఆ గ్రామపు గట్టునకు తగిన నాచు పంచాంగము సిద్ధమగును. అది ఆ గ్రామపు కోతదారులకు మిగుల ఉపకరించును.

ముగింపు

నాచు చేయు పనిని మూడు మాటలలో చెప్పవచ్చును. చంద్రుడు తిథిని చూపును. సూర్యుడు వేళను చూపును. నిలిచిన నీరు ముహూర్తమును చూపును. ఈ మూడును కలిసిన కొద్ది నిమిషములలో ఒక గట్టు యొక్క రాబోవు తరము నిర్ణయమగుచున్నది. విత్తనముల గింజలను తినివేసిన రైతు ఏరువాకనాడు ఏమియు చేయజాలడు. బీజములు విడువని నాచును కోసిన తీరవాసికిని అదే గతి పట్టును. తిథి ఎరిగి సముద్రమునకు పోవుట మన జాలరి సోదరులకు క్రొత్త కాదు. ఆ తెలివినే నాచు కోతయందును చూపి, పక్షముపాటు ఆగినచో, సముద్రము ఏటేట తన పంటను వారికి ఇచ్చుచునే యుండును.